సుందరయ్య కులం, పార్టీల కొలమానం

1955 మధ్యంతర ఎన్నికల తరువాత కొలువుదీరిన ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో పెన్నానదికి ఉత్తరాన పుట్టిన ఇద్దరు నెల్లూరీయులు ఎదురెదురు పక్షాల్లో కూర్చున్నారు. ఒకరు బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టి శాంతినికేతన్‌లో చదివి వచ్చిన బెజవాడ గోపాలరెడ్డి. ఆయన ముఖ్యమంత్రి. రెండోవారు డెల్టాలో సముద్రం వైపున్న అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య. 196 స్థానాల సభలో 15 స్థానాలకు కుదించుకుపోయిన కమ్యూనిస్టు పార్టీకి అగ్రనేత. ఇద్దరూ రెడ్లే, ఇద్దరివీ భూమిగల కుటుంబాలే. గోపాలరెడ్డి పార్టీని రెడ్ల పార్టీ అనీ, సుందరయ్య పార్టీని కమ్మల పార్టీ అనీ ఆ రోజుల్లో రచ్చబండల మీదే కాదు, విద్వత్ పత్రికల్లోనూ లెక్కగట్టారు. ఆ కమ్మల పార్టీకి నాయకుడైన రెడ్డి, కమ్మ రైతాంగానికి గట్టి పట్టున్న కృష్ణా జిల్లా గన్నవరం నుంచి గెలిచి సభకు వచ్చారు. 1962లోనూ, మళ్లీ 1978లోనూ అక్కడి నుంచే గెలిచారు. కులం లెక్కతోనే తెలుగు రాజకీయాలన్నీ తేలిపోతాయనుకునేవారికి ఈ ఒక్క జీవితం కొరుకుడుపడదు. కులం లెక్కే అక్కర్లేదనుకునేవారికీ పడదు. నిజానికి ఇబ్బంది ఎక్కువ ఈ రెండో రకం వారికే.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన పార్టీలు ఒకదానిపై మరొకటి కులపిచ్చి ఆరోపణ చేసుకుంటాయి. మంత్రివర్గంలో ఎవరెందరు, జిల్లా పోలీసు అధికారుల్లో ఎవరెందరు, కాంట్రాక్టులు ఎవరివి అని ఎదుటి పక్షపు పట్టికలు తయారుచేస్తాయి. ఆ పట్టికల్లో చాలాభాగం నిజమే ఉంటుంది. తన పట్టికను మాత్రం ఏ పార్టీ తయారుచేయదు. ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. దాని పుట్టుకనూ ఎదుగుదలనూ చూడాలంటే సుందరయ్య బతికిన 72 ఏళ్లు మంచి కిటికీ.

ఆయన 1913 మే 1న పుట్టారు. తండ్రి వెంకట్రామిరెడ్డి, తల్లి శేషమ్మ. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆరేళ్ల వయసులోనే తండ్రి పోయారు. చదువు తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి తిరిగి చివరకు మద్రాసు చేరింది. సెలవులకు వచ్చే ఊరు మాత్రం అలగానిపాడే. కాలువ పారిన మేర మొలగొలుకులు పండే మాగాణి. తూర్పుకు నడిస్తే ఇసుక నేలలు, ఉప్పు కయ్యలు, సరుగుడు తోపులు. మాగాణి ప్రధానంగా రెడ్లది. అందులో దున్నేదీ నాటేదీ కోసేదీ మాల మాదిగలు. కాలువ గట్ల మీద, వాగుల వెంట గుడిసెలు వేసుకుని యానాదులు. ఒక మనిషి ఏడాది జీతానికి పాలేరుగా కుదిరాడంటే చాలా ఇళ్లలో అతని భార్యాబిడ్డల చాకిరీ కూడా ఆ ఒప్పందంలో కలిసిపోయినట్టే. ఊరిలో ఒక బావి, పల్లెలో ఒక బావి. నెల్లూరు తీరంలో ఏ ఊరికి వెళ్లినా ఆనాటి పటం ఇదే.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలైనప్పుడు ఆయన మద్రాసు లయోలా కళాశాల విద్యార్థి. చదువు వదిలి ఉద్యమంలోకి దిగారు, అరెస్టయ్యారు. వయసు చాలనందున పెద్దల జైలుకు కాక తంజావూరు బోర్‌స్టల్ పాఠశాలకు పంపారు. మీరట్ కుట్ర కేసులో పోలీసులు వెతుకుతుండగా మద్రాసు చేరి రహస్యంగా పనిచేసిన అమీర్ హైదర్ ఖాన్ ప్రభావం ఆయనను కమ్యూనిజం వైపు తిప్పింది. ఈ సంగతులు అందరూ రాసినవే. ఆ తరువాత ఆయన చేసిన మొదటి పని మీద మాత్రం మన చరిత్రకారులు తగినంతసేపు నిలబడలేదు. జైలు నుంచి వచ్చిన ఆ యువకుడు బెజవాడకో మద్రాసుకో వెళ్లి సభలు పెట్టలేదు. సొంత ఊరు అలగానిపాడులో వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. వెట్టికి వ్యతిరేకంగా, అంటరానితనానికి వ్యతిరేకంగా వారిని కూడగట్టారు. అంటే తన కులం వారి పొలాల్లో పనిచేసే, తన కులం కాని మనుషుల పక్షాన నిలిచారు. ఆయన మొదటి ప్రత్యర్థి బ్రిటిష్ కలెక్టరు కాదు, తన బంధువర్గమే. తెలుగునాట రైతు ఉద్యమాలు చాలావరకు జమీందారుకు ఎదురుగా రైతును నిలబెట్టి మొదలయ్యాయి. సుందరయ్య రాజకీయం మొదలైంది రైతుకు ఎదురుగా కూలీని నిలబెట్టి.

పేరులో రెడ్డి ఊడిపోయింది కూడా ఆ యవ్వనంలోనే. సుందరరామిరెడ్డి సుందరయ్య అయ్యారు. కులతోక కత్తిరించుకోవడాన్ని మనం కొంచెం ఎక్కువగానే మెచ్చుకుంటామని నాకనిపిస్తుంది. రెడ్డి అనే మాట తీసేసినా ఊరివాళ్ల కళ్లకు ఆయన రెడ్డిగారి అబ్బాయే. మాలపల్లెలో పుట్టినవాడికి పేరు మార్చుకున్నా చిరునామా కులం చెబుతుంది. ఆ చిరునామా తీసేసుకునే వీలు అతనికి లేదు. వదులుకోవడానికి ఏదైనా ఉన్నవాడే వదులుకోగలడు. పైగా నెల్లూరులో పేదల డాక్టరుగా పేరు పొందిన సుందరయ్య తమ్ముడు రామచంద్రారెడ్డి పేరులో రెడ్డి చివరిదాకా ఉంది. దానివల్ల ఆయన వైద్యానికి వచ్చిన లోటేమీ లేదు. కాబట్టి సుందరయ్య గొప్పదనం తోక కత్తిరింపులో వెతకనక్కర్లేదు. వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. 1943లో వేరే కులం, వేరే భాషకు చెందిన పార్టీ కార్యకర్త లీలను పెళ్లి చేసుకున్నారు. ప్రజాజీవితానికి అడ్డు రాకూడదని ఇద్దరూ సంతానం వద్దనుకున్నారు. కులం నిలబడేది భూమి, పెళ్లి, వారసత్వం అనే మూడు కాళ్ల మీద. ఆ మూడింటినీ తన వరకు తెంచుకున్న నాయకులు మన రాజకీయాల్లో చాలా అరుదు.

అయితే ఒక మనిషి తెంచుకున్నంత మాత్రాన పార్టీ తెంచుకున్నట్టా? ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ 1934లో ఏర్పడింది. దాన్ని దక్షిణాదిలో నిర్మించినవారిలో సుందరయ్య ముఖ్యులు. కేరళలో కృష్ణపిళ్లను, నంబూద్రిపాద్‌ను ఆ దారికి తెచ్చినవారిలో ఆయనొకరు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు సంయుక్త కార్యదర్శి అయ్యారు. అదే ఏడాది అంబేడ్కర్ కుల నిర్మూలన వ్యాసం అచ్చయింది. ఆస్తి సంబంధాలు మారితే కులం దానంతటదే పోతుందనుకునే సోషలిస్టులకు, ముందు దారిలో నిలిచే భూతం కులమేనని ఆయన అందులో వాదించారు. తెలుగు కమ్యూనిస్టులు ఆ వాదనతో తలపడిన దాఖలాలు తక్కువ. రైతు కూలీ ఐక్యత వారి నినాదం. డెల్టాలో రైతంటే కమ్మో రెడ్డో, కూలీ అంటే మాలో మాదిగో. ఐక్యత కోసం ఎవరి కోర్కె ఎంత తగ్గాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా సమావేశంలో మాట్లాడగల గొంతు ఎవరిదో, బయట ఎదురుచూసేది ఎవరో చెప్పనక్కర్లేదు. అలగానిపాడులో మొదలైన ప్రశ్న బెజవాడ చేరేసరికి పలుచబడింది.

1956లో అమెరికన్ పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ అమెరికా రాజనీతిశాస్త్ర పత్రికలో ఆంధ్ర కమ్యూనిస్టుల మీద, కులం మీద ఒక వ్యాసం రాశారు. కమ్యూనిస్టు నాయకత్వం తొలినుంచీ కమ్మ కులం చేతిలో ఉందని, కాంగ్రెస్ రెడ్ల చేతిలో ఉందని, డెల్టాలో ఎరుపు పెరగడానికీ తరగడానికీ ఆ రెండు కులాల పోటీయే కారణమని దాని సారాంశం. తెలుగునాట రాజనీతిశాస్త్రం చదివేవారు ఆ వ్యాసాన్ని తప్పించుకోలేరు. నేను దాన్ని తరగతిలో చెప్పిన ప్రతి ఏడూ, మరి సుందరయ్య సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అది మంచి ప్రశ్నే కానీ చిన్న ప్రశ్న. ఒక్క రెడ్డి మినహాయింపు అయినంత మాత్రాన సిద్ధాంతం కూలదు. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, మోటూరు హనుమంతరావు పేర్లు చెప్పి హారిసన్‌ను సమర్థించవచ్చు.

అసలు ప్రశ్న కృష్ణానది దాటాక వస్తుంది. ఆ పార్టీ నాయకత్వమే నడిపిన తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ నాయకులెవరు? రావి నారాయణరెడ్డి, భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి. కరీంనగర్‌కు వెళితే బద్దం ఎల్లారెడ్డి. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి. 1952లో ఆయన ఓడించింది సొంత బావ నీలం సంజీవరెడ్డిని. పార్టీ ఒక్కటే. కృష్ణలో అది కమ్మల పార్టీ అయితే నల్లగొండలో రెడ్ల పార్టీ కావాలి. కాంగ్రెస్‌ను రెడ్ల పార్టీ అన్నవారు అక్కడ ఏమనాలి? హారిసన్ చూసినది అబద్ధం కాదు, సగం. పార్టీ ఏ ఒక్క కులానిదీ కాదు. ఎక్కడికక్కడ భూమి ఉండి, చదువు అందుకుని, ఊరిలో మాట చెల్లే కులపు యువకులు దాని నాయకులయ్యారు. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు మొదట కూలినవాడు కురుమ దొడ్డి కొమరయ్య. పంట దక్కించుకోవడానికి దొరను ఎదిరించి నిలబడింది చాకలి ఐలమ్మ. వాళ్లు చరిత్రలోకి వచ్చారు, కమిటీల్లోకి రాలేదు. కమ్మా రెడ్డా అన్న పంచాయితీలో ఈ ప్రశ్న కనిపించకుండా పోయింది. ఆరోపించినవారికీ, ఆరోపణ ఎదుర్కొన్నవారికీ కూడా అలా పోవడమే సౌకర్యం.

ఆరోపించినవారి నిజాయితీ ఎంతో 1955లోనే బయటపడింది. కమ్యూనిస్టులది కులపార్టీ అని ప్రచారం చేసిన పక్షం, వారిని ఎదుర్కోవడానికి ఎన్.జి.రంగా కృషికార్ లోక్ పార్టీతో జతకట్టి, కమ్మ కమ్యూనిస్టు నిలబడిన చోట్ల కమ్మ అభ్యర్థులను వెతికి నిలబెట్టింది. కులతత్వానికి మందుగా అదే కులతత్వాన్ని మరో సీసాలో ఇచ్చింది. ఫలితం దాని పంట పండింది: కాంగ్రెస్ కూటమికి 146 స్థానాలు. దాదాపు 31 శాతం ఓట్లు వచ్చిన కమ్యూనిస్టులకు 15. ఓడినవారు ఎదుటివారి కులరాజకీయాన్ని దుయ్యబట్టారు. తమ జాబితాలో మాల మాదిగ నాయకులు ఎందుకు ఎదగలేదో ఓటమి సమీక్షలో ప్రధానాంశం చేసుకోలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. బ్రిటన్‌లో జెరెమీ కోర్బిన్ నాయకత్వంలోని లేబర్ పార్టీపై యూదు వ్యతిరేకత ఆరోపణలు వచ్చాయి. అక్కడి సమానత్వ, మానవహక్కుల కమిషన్ విచారించి 2020 అక్టోబరులో, యూదుల పట్ల చట్టవిరుద్ధమైన వేధింపు, వివక్ష ఆ పార్టీలో జరిగాయని తేల్చింది. కాబట్టి ఆరోపణ కల్పన కాదు. కానీ అదే పార్టీ కోసం న్యాయవాది మార్టిన్ ఫోర్డ్ చేసిన మరో విచారణ 2022లో ఇంకో సంగతి బయటపెట్టింది. పార్టీలోని ముఠాలు రెండూ యూదు వ్యతిరేకతను పరస్పరం ఆయుధంగా వాడుకున్నాయి. నల్లజాతి సభ్యులు, ముస్లింలు ఎదుర్కొన్న వివక్షకు మాత్రం అంత విలువ దక్కలేదు. ప్రత్యర్థి కన్సర్వేటివ్ పార్టీ కూడా తనలోని ముస్లిం వ్యతిరేకతపై వచ్చిన ఫిర్యాదులకు విచారణ వేసుకోక తప్పలేదు. గాయం నిజం, దాన్ని చూపించే వేలు కపటం. ఈ రెండూ ఏకకాలంలో సాధ్యమని ఒప్పుకోలేని చోట బాధితుడు సాక్షిగా మిగులుతాడు, కక్షిదారు కాలేడు. యూదుల చరిత్ర వేరు, మన అంటరానివారి చరిత్ర వేరు. పార్టీలు ఆడే ఆట మాత్రం ఒకటే.

సుందరయ్య పార్టీ కొలమానాన్నే తిరగేసి చూద్దాం. 1964 జూలైలో తెనాలిలో జరిగిన సమావేశంలో చీలిక ఖాయమైంది. ఆ ఏడాది చివర కలకత్తా మహాసభలో సీపీఎం ఏర్పడి సుందరయ్య ప్రధాన కార్యదర్శి అయ్యారు. తొలి పొలిట్‌బ్యూరోలో తొమ్మిదిమంది. నవరత్నాలని పేరు. ఆ తొమ్మిదిలో దళితుడు లేడు, స్త్రీ లేదు. మొదటి స్త్రీ రావడానికి 2005 దాకా, మొదటి దళితుడు రామచంద్ర డోమ్ రావడానికి 2022 కన్నూరు మహాసభ దాకా పట్టింది. తన వాటా భూమిని ఇచ్చేసిన మనిషి, పన్నెండేళ్లు ప్రధాన కార్యదర్శిగా ఉండి ఈ ఖాళీని చూడలేదంటే నమ్మడం కష్టం. చూసినా అది వర్గసమస్య పరిష్కారంలో భాగంగా తీరుతుందనుకుని ఉంటారు. ఆ తరం అందరి నమ్మకమూ అదే. నమ్మకం నిజాయితీగా ఉన్నంత మాత్రాన లెక్క మారదు.

రెడ్ల పార్టీ అనిపించుకున్న కాంగ్రెస్ 1960 జనవరిలో దామోదరం సంజీవయ్యను ముఖ్యమంత్రిని చేసింది. దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడాయన. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే 1962 ఎన్నికల తరువాత సంజీవరెడ్డి మళ్లీ ఆ కుర్చీలోకి వచ్చారు. ఆ తరువాత ఇప్పటివరకు తెలుగు రాష్ట్రాల్లో ఏ పార్టీ నుంచీ మరో దళిత ముఖ్యమంత్రి రాలేదు. దీన్ని ఎవరి ఘనతగా రాయాలో, ఎవరి సిగ్గుగా రాయాలో పాఠకులే తేల్చుకోవచ్చు.

ఒకే కొలతతో తనవారినీ ఎదుటివారినీ కొలవడం సుందరయ్యకు తెలియదనలేం. అత్యవసర పరిస్థితి వచ్చాక 1975 ఆగస్టులో ఆయన ప్రధాన కార్యదర్శి పదవికి, పొలిట్‌బ్యూరోకు రాజీనామా రాశారు. ఇందిరాగాంధీని ఎదిరించడానికి జనసంఘ్‌తో, దాని వెనుక ఉన్న ఆర్‌ఎస్‌ఎస్‌తో కలిసి ఉమ్మడి ఉద్యమాలు చేయాలన్న పార్టీ వైఖరి ఆయన చెప్పిన కారణాల్లో మొదటిది. మతతత్వం ప్రత్యర్థి దగ్గర ఉన్నప్పుడు విషం, మిత్రుడి దగ్గర ఉన్నప్పుడు సర్దుకుపోదగ్గ లోపం కాలేదని ఆయన అభిప్రాయం. దేశంలో ఒక పెద్ద పార్టీ అధినేత ఇలాంటి కారణంతో పదవి వదిలిన సందర్భం మరొకటి నాకు వెంటనే గుర్తు రావడం లేదు. పార్టీని వదలలేదు. ఆంధ్రకు తిరిగివచ్చి రాష్ట్రంలో పనిచేశారు. గన్నవరం నుంచి 1978లో గెలిచి అయిదేళ్లు సభలో ఉన్నారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన మనిషిగా జనం చెప్పుకునే కథల్లో నిలిచారు. ఆ కథలు ఆయనకు మేలు చేశాయో లేదో గానీ, ఆయన రాజకీయాన్ని మాత్రం కనుమరుగు చేశాయి. నిరాడంబరత మీద ఉపన్యాసాలిచ్చే ఇతర పార్టీల నాయకులకు ఆ సైకిలు పనికివచ్చింది, అలగానిపాడు కూలీ సంఘం పనికిరాలేదు.

1985 మార్చి ఎన్నికల్లో వామపక్షాలు తెలుగుదేశంతో సర్దుబాటు చేసుకున్నాయి. కాంగ్రెస్ వారు ఆ పార్టీని కమ్మల పార్టీ అనేవారు. ముప్పై ఏళ్ల కింద కమ్యూనిస్టులకు తగిలించిన చీటీని తీసి దానికి అంటించారంతే. మే 19న సుందరయ్య కన్నుమూశారు. దాదాపు రెండు నెలలకు, జూలై 17న, చీరాల పక్కన కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. పల్లెవాళ్లు నీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర మొదలైన గొడవ అది. ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్‌కు పాలకుల కులం స్పష్టంగా కనిపించింది. ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో రెడ్లు ఎనిమిదిమంది దళితులను నరికి చంపినప్పుడు పాత్రలు తారుమారయ్యాయి. అప్పటి ముఖ్యమంత్రి నెల్లూరు తీరంలోని వాకాడుకు చెందిన నేదురుమల్లి జనార్దనరెడ్డి. ప్రతిపక్షంలో తెలుగుదేశం. ఈసారి కులం కనిపించడం వారి వంతు. ఒకరి హత్యాకాండను మరొకరు ఎత్తిచూపినన్నాళ్లూ చూపారు. రెండు ఊళ్లలోనూ చచ్చింది మాలలూ మాదిగలూ.

వామపక్షాలు కారంచేడుకు వెళ్లలేదని అనలేం, వెళ్లాయి. కానీ అవి అప్పటికి పాలకపక్షానికి ఎన్నికల మిత్రులు. పైగా ఆ ఊరి హతులను వ్యవసాయ కూలీలుగా చూడాలా, మాదిగలుగా చూడాలా అన్న తర్జనభర్జన వారిని వదల్లేదు. చీరాల శిబిరంలో తలదాచుకున్నవారికి ఆ తర్జనభర్జన వినే ఓపిక లేదు. తమను చంపినవారు ఏం చూసి చంపారో వారికి తెలుసు. సుందరయ్య బతికి ఉంటే ఆ శిబిరంలో ఏం చేసేవారన్నది ఊహ. అలగానిపాడులో పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో ఏం చేశారన్నది చరిత్ర. ఆ శిబిరం నుంచి కదిలినవారు పార్టీల గడప తొక్కి ఎదురుచూడలేదు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు ముందు నిలవగా, వామపక్ష భావాలలో పెరిగిన యువకులు ఎందరో వెంటనడవగా, 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడింది. అది ఏర్పడింది తెనాలిలో. ఇరవై ఒక్క ఏళ్ల కింద సుందరయ్య సహచరులు కొత్త పార్టీకి పునాది వేసుకున్న ఊరు కూడా అదే.